లేవగానే కల ఎందుకు మాయమవుతుంది? లూసిడ్ డ్రీమింగ్ కొత్తగా మొదలుపెట్టినవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కల కంటూ ఉండగానే ‘ఇది కల’ అని తెలిసిపోవడాన్ని లూసిడ్ డ్రీమింగ్ అంటారు. ఆ మాట విని ఉత్సాహంగా మొదలుపెట్టేవారిలో చాలామంది మొదటి వారంలోనే ఒకే చోట ఆగిపోతారు: తెల్లవారి లేచేసరికి ఏమీ గుర్తుండదు. చెన్నైలో మా పెరంబూరు ఇంటి మిద్దెమీద ఆదివారాలు కలుసుకునే తెలుగువారు, ఐటీ కంపెనీలున్న ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు, నెల్లూరు నుంచి ఫోన్ చేసే బంధువులు అందరూ అవే సందేహాలను తిప్పి తిప్పి అడుగుతున్నారు కనుక వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాను. ఎవరికి ఏ ప్రశ్న అవసరమో నేరుగా దాని దగ్గరికే వెళ్లవచ్చు.

## మొదలుపెట్టక ముందు

నాకు అసలు కలలే రావండీ. నేను కూడా నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటి ఉందని ప్రకటించారు. దానినే ఇప్పుడు రెమ్ నిద్ర అంటున్నాము. ఆ దశలో ఉన్నవారిని లేపి అడిగినప్పుడు ఎక్కువసార్లు వాళ్లు స్పష్టమైన కల చెప్పారు. తమకు కలలే రావని నమ్మేవారు సైతం ప్రయోగశాలలో ఆ సమయానికి లేపితే తరచుగా ఏదో ఒకటి చెప్పగలిగారు. పెద్దవారి నిద్రలో సుమారు 20 నుంచి 25 శాతం రెమ్ నిద్రే కనుక, ఏడు గంటలు పడుకునే మనిషి రాత్రికి గంటన్నర దాకా ఆ దశలోనే గడుపుతాడు. కాబట్టి ‘నాకు కలలు రావు’ అనే మాటను ‘నాకు కలలు నిలవవు’ అని మార్చుకుని మొదలుపెట్టండి. మెదడుకు దెబ్బ తగిలి కలలు పూర్తిగా ఆగిపోయినవారు ఉన్నారు గాని, అది బహు అరుదు.

కలలు గుర్తుండటం ఎందుకు? నేరుగా లూసిడ్ టెక్నిక్‌లు మొదలుపెట్టకూడదా?

మొదలుపెట్టవచ్చు గాని ఫలితం వచ్చినా మీకు తెలియదు. రాత్రి మూడు గంటలకు కలలో మీకు ఎరుక కలిగి, ఆ వీధిలో మీ ఇష్టప్రకారం తిరిగి వచ్చినా, ఉదయానికి అది గుర్తు లేకపోతే జరగనట్టే లెక్క. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. మీ కలల్లో మళ్లీ మళ్లీ వచ్చే మనుషులు, చోట్లు, చిక్కులు ఏమిటో తెలిసినప్పుడే వాటిని చూసి ‘ఇది కల’ అని పట్టుకోగలుగుతారు. అమెరికా పరిశోధకుడు స్టీఫెన్ లాబర్జ్ కలలో ఎరుక కోసం రూపొందించిన మైల్డ్ పద్ధతి కూడా అప్పుడే చెదిరిన కలను గుర్తు తెచ్చుకోవడంతోనే మొదలవుతుంది. వారంలో ఎక్కువ రోజులు కనీసం ఒక్కో కలైనా రాయగలిగే స్థితి వచ్చే వరకు టెక్నిక్‌ల జోలికి పోవద్దని నా సలహా.

ఇది నిజంగా సైన్సేనా, మనసు చేసే మాయా?

లూసిడ్ డ్రీమ్ అనే పేరును 1913లో డచ్చి వైద్యుడు ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్ వాడుకలోకి తెచ్చారు. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ పర్యవేక్షణలో నిద్రపోయిన అలన్ వర్స్‌లీ, కలలోంచి ముందే అనుకున్న తీరులో కళ్లను అటూ ఇటూ కదిలించి సైగ చేశాడు. మెదడు రికార్డింగ్ మాత్రం అతడు రెమ్ నిద్రలోనే ఉన్నట్టు చూపించింది. ఆ తరువాత కొన్నేళ్లకు స్టాన్‌ఫర్డ్‌లో లాబర్జ్ కూడా దీనిని నిరూపించారు. జాగ్రత్, స్వప్నం, సుషుప్తి, తురీయం అని మాండూక్యోపనిషత్తు చెప్పిన నాలుగు అవస్థలు మనకు తెలిసినవే అయినా, ఆ చర్చ ఆత్మతత్త్వం గురించినది కనుక ఈ రెండింటినీ కలిపి చూడటం నాకు సమ్మతం కాదు.

కల అంత తొందరగా ఎందుకు చెరిగిపోతుంది?

తడి వాకిట్లో వేసిన ముగ్గు సంగతి మీకు తెలుసు. గీసినంతసేపే గీత ఉంటుంది. మెలకువలో ఒక అనుభవం జ్ఞాపకంగా గట్టిపడటానికి తోడ్పడే నోర్‌అడ్రినలిన్ అనే రసాయనం రెమ్ నిద్రలో బాగా తగ్గిపోతుంది. అందువల్ల కల ఎంత బలంగా అనిపించినా దాని పట్టు పలుచగా ఉంటుంది. దానికి తోడు, కన్ను తెరవగానే ఫోన్, టైము, ఆఫీసు అనే ఆలోచనలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ పలుచని పట్టునూ తెంపేస్తాయి. మొదటి కారణాన్ని మనం మార్చలేము. సాధన అంతా రెండో కారణం మీదనే.

## పడుకునే ముందు

ఐదున్నర గంటలు పడుకుంటే నాకు సరిపోతుంది. ఇంకా పడుకోవాలా?

కలల కోసమైతే పడుకోవాలి. మన నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుంది. మొదటి ఆవృత్తం చివర వచ్చే రెమ్ దశ కొద్ది నిమిషాలే ఉంటుంది. రాత్రి గడిచేకొద్దీ అది పెరుగుతూ తెల్లవారుజామున అరగంట, అంతకన్నా ఎక్కువ కూడా సాగుతుంది. ఏడున్నర గంటల నిద్రలో చివరి రెండు గంటలు కోసేసినవారు కోల్పోయేది నిద్రలో సుమారు పావు వంతే అయినా, కలల్లో అంతకన్నా చాలా పెద్ద వాటా.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దలు అంటారు. నిజమవడం మాట ఎలా ఉన్నా, ఆ వేళ కల పొడవుగా, తేటగా ఉంటుందనీ, లేచే సమయానికి దగ్గరగా ఉండటం వల్ల ఎక్కువగా గుర్తుంటుందనీ వారు గమనించారని నాకు గట్టి నమ్మకం. ఏ టెక్నిక్ జోలికీ పోకముందు రెండు వారాలపాటు రాత్రి ఒక గంట ముందుగా పడుకుని చూడండి. నాకు తెలిసిన చాలామందికి ఆ ఒక్క మార్పుతోనే మొదటి కల చేతికి వచ్చింది.

మద్రాసు వేడికి నిద్రే పట్టదు, ఇక కలలెక్కడివి?

వేడికీ కలకూ నేరుగా సంబంధం ఉంది. రెమ్ నిద్రలో శరీరం తన వేడిని తాను సర్దుకునే శక్తి బాగా తగ్గుతుంది కనుక, గది మరీ వేడెక్కితే ఆ దశ తేలికగా దెబ్బతింటుంది. మన ఇళ్లలో జరిగేది చూడండి: కరెంటు బిల్లు గుర్తొచ్చి ఏసీని 22లో పెట్టి, రాత్రి మూడు గంటలకు ఆగిపోయేలా టైమర్ వేస్తాము. అంటే పొడవైన కలలు మొదలయ్యే వేళకు గది ఉక్కపోస్తుంది, ఒళ్లు తడిసి అటూ ఇటూ దొర్లుతాము. దానికి బదులు 27లో పెట్టి, ఫ్యాన్ సన్నగా తిప్పుతూ, తెల్లవారేదాకా ఉంచండి. ఏసీ లేనివారు, ముఖ్యంగా మిద్దె కింది పై అంతస్తులో ఉండేవారు, కత్తిరి రోజుల్లో, అంటే మే నెల మండుటెండల్లో, సాయంత్రం పూట మిద్దెమీద నీళ్లు చల్లి, గాలి ఆడే గదిలోకి పడక మార్చుకుంటే కొంత మేలు. ఆ నెలలో కలలు తగ్గితే మీ సాధనను తప్పుపట్టుకోవద్దు.

నాది నైట్ షిఫ్ట్. పగలు పడుకునేవాళ్లకు గుర్తుంటాయా?

గుర్తుంటాయి గాని కొంచెం ఎక్కువ ఓపిక కావాలి. రెమ్ నిద్ర ఎంతసేపు పడుకున్నామన్న దానితో పాటు ఒంట్లోని గడియారం మీద కూడా ఆధారపడుతుంది, ఆ గడియారం దానికి తెల్లవారుజామునే అనుకూలంగా ఉంటుంది. షోళింగనల్లూరులో షిఫ్ట్ ముగించుకుని ఉదయం ఆరింటికి ఇల్లు చేరేవారు వెంటనే పడుకుంటే ఆ అనుకూలత కొంతైనా దక్కుతుంది. టిఫిన్, ఫోన్ అంటూ పదింటికి జరిపితే అదీ పోతుంది. కిటికీకి మందపాటి తెర వేయండి, సెలవు రోజుల్లో కూడా పడుకునే వేళను మరీ ఎక్కువగా మార్చకండి. షిఫ్ట్ వారం వారం మారేవారు మాత్రం ఆ మారే రెండు మూడు రోజులు రాయడానికి ప్రయత్నించకుండా నిద్ర కోలుకోనివ్వడం మంచిది.

‘కల గుర్తుంచుకుంటాను’ అనుకుని పడుకుంటే పనిచేస్తుందా?

నిజంగా అనుకుంటే పనిచేస్తుంది. తెల్లవారుజామున ఊరికి బండి ఎక్కాలన్న రోజున అలారానికి పది నిమిషాల ముందే మెలకువ వచ్చిన అనుభవం అందరికీ ఉంటుంది. ఇక్కడ పనిచేసేదీ అలాంటి తలంపే. జపంలా వందసార్లు అనడం కన్నా, ఉదయం కళ్లు తెరవకుండా కలను వెనక్కి తలచుకుంటున్నట్టూ, చేయి చాచి పెన్ను అందుకుంటున్నట్టూ ఒకసారి ఊహించుకోండి. పడుకునే ముందు నోటుబుక్కులో రేపటి తేదీ రాసి, కింద ఖాళీ వదిలిపెట్టడం నాకు అలవాటు. నింపవలసిన పేజీ ఎదురుచూస్తోందన్న సంగతి నిద్రలోకి కూడా వెంట వస్తుంది.

శనివారం రాత్రి మందు తీసుకుంటే ఇబ్బందా?

ఇబ్బందే. మద్యం రాత్రి మొదటి సగంలో రెమ్ నిద్రను అణచివేస్తుంది; ప్రభావం దిగిపోయాక రెండో సగంలో కలత నిద్ర, గజిబిజి కలలు వస్తాయి.

విటమిన్ బి6 మాత్రలు వేసుకుంటే కలలు గుర్తుంటాయట కదా?

ఆ మాటకు ఆధారం ఉంది. 2018లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 100 మందితో చేసిన పరిశీలనలో, ఐదు రాత్రులు పడుకునే ముందు 240 మిల్లీగ్రాముల బి6 తీసుకున్నవారు కలల్లో జరిగినవి ఎక్కువగా చెప్పగలిగారు. కలల స్పష్టతలో మాత్రం తేడా కనిపించలేదు. కాని మనకు ఆహారం ద్వారా రోజుకు కావలసింది కొద్ది మిల్లీగ్రాములే. పెద్ద మోతాదులో ఎక్కువ కాలం వాడితే నరాలు దెబ్బతిని చేతులకూ కాళ్లకూ తిమ్మిర్లు పట్టుకుంటాయి. శనగలు, అరటిపండు, బంగాళాదుంప, చేపలు తినండి. డాక్టరును అడగకుండా మాత్రల జోలికి పోవద్దు.

## మెలకువ వచ్చిన క్షణం

కళ్లు తెరవగానే ఎగిరిపోతుంది. ఖచ్చితంగా ఏం చేయాలి?

మెలకువ వచ్చిందని తెలియగానే కదలకండి. ఏ పక్కకు తిరిగి పడుకున్నారో ఆ పక్కనే ఉండండి, కళ్లు మూసే ఉంచండి. ‘ఏం కల వచ్చింది?’ అని గట్టిగా నిలదీస్తే మనసు బెదిరి మూసుకుపోతుంది. ‘ఇంతసేపూ ఎక్కడ ఉన్నాను?’ అని మెల్లగా అడిగితే చోటు ముందు వస్తుంది. చోటు రాకపోతే మనసులో మిగిలిన భావాన్ని పట్టుకోండి. కంగారుగా ఉందా, ఎవరి మీదనో కోపంగా ఉందా, ఏదో పోగొట్టుకున్నట్టు ఉందా? భావం కలకు తోక వంటిది, దానిని పట్టుకుంటే మిగతాది వెనకే వస్తుంది.

ఒక దృశ్యం దొరకగానే ‘దీనికి ముందు ఏం జరిగింది?’ అని వెనక్కి నడవండి. చివరి దృశ్యం నుంచి మొదటి దృశ్యానికి పోవడమే సులువు. ఇక ఏమీ రాదనిపించినప్పుడు మాత్రమే, కళ్లు మూసుకునే రెండో పక్కకు ఒత్తిగిల్లండి. ఆ పక్కన పడుకున్నప్పుడు వచ్చిన కల ఒక్కోసారి అప్పుడు బయటపడుతుంది. అదీ కాకపోతే అమ్మ, నాన్న, పాత ఇల్లు, బడి, రైలు, పరీక్ష, నీళ్లు అని తరచుగా కలల్లోకి వచ్చేవాటిని ఒక్కొక్కటిగా తలచుకోండి. ఏదో ఒకదాని దగ్గర మనసు ఆగుతుంది. ఇదంతా రెండు మూడు నిమిషాల పని. ఆ తరువాతే కళ్లు తెరిచి, ముందుగా ముఖ్యమైన మాటలు నాలుగైదు గీకి, తరువాత వాక్యాలుగా రాయండి.

అలారం లేకపోతే లేవలేను. ఎలా?

అలారం ఉంచుకోండి, ఫోన్‌ను మాత్రం దూరంగా పెట్టండి. అలారం ఆపడానికి ఫోన్ చేతిలోకి తీసుకున్నామంటే దాని మీద వరసగా పేరుకున్న వాట్సాప్ సందేశాలు కళ్లబడతాయి, ఆ ఒక్క చూపుతో కల పోతుంది. రెండు మూడు వందల రూపాయలకు దొరికే చిన్న టేబుల్ గడియారం చేతికి అందే దూరంలో పెట్టుకుని, చూడకుండానే ఆపడం అలవాటు చేసుకోండి. అలారం పెట్టనవసరం లేని ఆదివారాన్ని మాత్రం వదులుకోవద్దు. తనంతట తానుగా వచ్చిన మెలకువలో కల తడి ఇంకా ఆరకుండా ఉంటుంది.

లేవగానే పాలు, కుక్కరు, పిల్లల స్కూలు. నాకు పది నిమిషాలు ఎక్కడివి?

మా మిద్దెమీదికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది ఇదే అడిగారు, ఇది చాలా న్యాయమైన ప్రశ్న. మీకు పది నిమిషాలు వద్దు, కాళ్లు నేల మీద పెట్టకముందు ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషంలో కలకు ఒక పేరు పెట్టండి: ‘పెద్దత్త ఇంట్లో వరద’, ‘బస్సులో ఆవు’. ఆ పేరును వంటింటి క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాసేయండి. పదకొండు గంటలకు ఇల్లు సద్దుమణిగాక ఆ పేరు చదివితే కలలో కొంత భాగమైనా తిరిగి వస్తుంది. పేరు పెట్టని కల ఆవిన్ పాల ప్యాకెట్టు కత్తిరించేలోపే పోతుంది. ఇంట్లో వినేవారుంటే కాఫీ కలుపుతూ కల చెప్పండి. నోటితో చెప్పడం కూడా జ్ఞాపకాన్ని గట్టిపరిచే పద్ధతే.

మధ్యరాత్రి మెలకువ వస్తే రాయాలా, పడుకోవాలా?

మళ్లీ తేలికగా నిద్ర పట్టేవారైతే రెండు మాటలు రాసి పడుకోండి. ఫ్రాన్సులోని లియోన్‌లో పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, కలలు బాగా గుర్తుండేవారు నిద్ర మధ్యలో మొత్తం సుమారు అరగంట మేలుకొని ఉన్నారు. అరుదుగా గుర్తుండేవారు అందులో సగమే. ఆ చిన్న చిన్న మెలకువలే కలకు జ్ఞాపకంలో చోటు దొరికే సందులని అనుకోవచ్చు. కాని రాత్రి ఒకసారి లేస్తే ఇక నిద్ర పట్టనివారు దీనిని అనుకరించకూడదు. వారికి నిద్రే ముఖ్యం.

## రాయడం

ఒక్క ముక్కే గుర్తుంది. అది రాయడం దండగ కదా?

దండగ కాదు, చాలాసార్లు మొత్తం కల ఆ ముక్క వెనకే ఉంటుంది. ఒక డిసెంబరు ఉదయం నాకు మిగిలినవి నాలుగే మాటలు: పచ్చ గేటు, తడి చెప్పులు. వాటిని రాసి పెన్ను మూయబోతుండగా చెప్పులు ఎందుకు తడిశాయన్న ప్రశ్న వచ్చింది. వెంటనే మోకాలి లోతు నీళ్లున్న రైల్వే సబ్‌వే కనబడింది. ఆ నీళ్లలో మా తాతయ్య గొడుగు మడిచి పట్టుకుని నడుస్తున్నాడు, గొడుగు ఎందుకు తెరవలేదని నేను అడిగితే ‘ఇది మీ నాయనమ్మది, తడవకూడదు’ అన్నాడు. పచ్చ గేటు నెల్లూరులో మేము ఎప్పుడో అమ్మేసిన ఇంటిది. పేజీన్నర నిండింది.

మద్రాసు పోర్ట్ ట్రస్టులో 1912లో గుమాస్తాగా చేరిన శ్రీనివాస రామానుజన్ తన కల ఒకదానిని వర్ణించాడు: నెత్తురు పారినట్టున్న ఎర్రని తెర మీద ఒక చేయి వచ్చి ఎలిప్టిక్ ఇంటెగ్రల్స్ అనే గణిత విషయానికి చెందిన ఫలితాలు రాసిందట. మేలుకోగానే వాటిని కాగితం మీద పెట్టానని కూడా చెప్పాడు. కల గొప్పదే, ఆ ‘మేలుకోగానే’ కూడా అంతే గొప్పదని నా అభిప్రాయం.

అసలేమీ గుర్తు లేని రోజున కూడా తేదీ వేసి, ‘ఏమీ లేదు, కొంచెం దిగులుగా ఉంది’ అని రాయండి. పేజీ ఖాళీగా వదిలితే అలవాటు తెగుతుంది.

మాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. ఏ భాషలో రాయాలి?

చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువారిలో ఈ ఇబ్బంది చాలామందికి ఉంది. చేతికి ఏ లిపి తొందరగా వస్తే అందులో రాయండి. తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో రాసుకునేవారు మాలోనూ ఉన్నారు. ఒక్క నియమం పాటించండి: కలలో ఎవరు ఏ మాట అన్నారో ఆ మాటను ఆ భాషలోనే ఉంచండి. మేనేజరు ఇంగ్లీషులో, ఆటో ఆయన తమిళంలో, అమ్మమ్మ తెలుగులో మాట్లాడితే అలాగే రాయాలి. అనువదించే ప్రయత్నంలో మనసు కల నుంచి బయటికి వచ్చేస్తుంది. పైగా, ఎప్పుడూ తెలుగు రాని మనిషి కలలో తెలుగులో మాట్లాడాడంటే అది రేపు మీకు పనికొచ్చే గుర్తు.

ఫోన్‌లో రాయచ్చా, వాయిస్ రికార్డు చేయచ్చా?

కాగితమే మేలు. పక్కన పడుకున్నవారి నిద్ర చెడదనుకుంటే వాయిస్ రికార్డింగు కూడా మంచిదే, అయితే ఫోన్‌ను రాత్రంతా ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. చీకట్లో రాసే అలవాటున్నవారు వరస వదిలి వరస పెద్ద అక్షరాలతో రాయకపోతే ఉదయం ఆ గీతలు తమకే అర్థం కావు.

పీడకలలు ఎవరికీ చెప్పకూడదు, రాయకూడదు అంటారు మా అత్తగారు.

అత్తగారి మాటను తోసిపుచ్చి ఇంట్లో గొడవ పెట్టుకోవలసిన పని లేదు. చెప్పకుండా రాసుకోవచ్చు, రాయడం ఇష్టం లేకపోతే ఒక్క మాటతో గుర్తు పెట్టుకుని వదిలేయవచ్చు. సాధన దృష్టితో చూస్తే పీడకలలు విలువైనవి, ఎందుకంటే భయం బలంగా ఉన్న కల బాగా గుర్తుంటుంది, ఆ భయం తరచుగా ఒకే రూపంలో తిరిగి వస్తుంది. అయితే నిజ జీవితంలో జరిగిన ఘోరం ఏదైనా కలగా వెంటాడుతుంటే దానిని ఒంటరిగా తవ్వకండి. మానసిక వైద్యుల సాయం తీసుకోండి.

## కొన్ని వారాలు గడిచాక

ఎన్నాళ్లకు గుర్తుంటాయి?

రోజూ రాసేవారిలో చాలామందికి రెండు మూడు వారాల్లో తేడా కనబడటం నేను చూశాను. కొందరికి మూడో రోజే వస్తుంది, కొందరికి రెండు నెలలు పట్టింది.

బాగా గుర్తుండేవి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఎందుకు?

ముందుగా గత వారం నిద్ర లెక్క చూసుకోండి. తరువాత కొత్త మందులేమైనా మొదలుపెట్టారేమో గమనించండి: డిప్రెషన్‌కు ఇచ్చే మందుల్లో చాలావాటికి రెమ్ నిద్రను తగ్గించే గుణం ఉంది, దానికి భిన్నంగా బీపీకి వాడే కొన్ని బీటా బ్లాకర్ల వల్ల కలలు మరీ ఉద్ధృతంగా రావచ్చు. కలల కోసం ఆ మందులను మీ అంతట మీరు ఆపడం మాత్రం ఎంతమాత్రం తగదు. గట్టిగా గురక పెడుతూ, ఎనిమిది గంటలు పడుకున్నా పగలంతా తూలుతున్నవారు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే సమస్య) పరీక్ష చేయించుకోవాలి. ఇవేవీ కాకపోతే అది కలలకు మామూలుగా వచ్చే ఎండకాలమే. తేదీలు వేస్తూ ఉండండి.

నోటుబుక్కు నిండింది. దీన్ని లూసిడ్ డ్రీమింగ్‌కు ఎలా వాడాలి?

ఒక ఆదివారం కూర్చుని ఎర్ర పెన్నుతో చదవండి. మూడుసార్లకు మించి వచ్చినదాని కింద గీత గీయండి. నా పుస్తకంలో అలా తేలినవి మూడు: అమ్మేసిన ఇల్లు, ఎక్కడా ఆగని లోకల్ రైలు, చనిపోయినవారు మామూలుగా మాట్లాడటం. ఇక పగటిపూట లోకల్ రైలు ఎక్కిన ప్రతిసారీ ‘ఇది కలా?’ అని మనస్ఫూర్తిగా అడిగి, స్టేషన్ పేరు బోర్డును చదివి, కళ్లు తిప్పి మళ్లీ చదవడం మొదలుపెట్టాను. కలలో అక్షరాలు రెండోసారికి తరచుగా మారిపోతాయి. పగలు పాతుకున్న అలవాటు కొన్నాళ్లకు కలలోకి కూడా వచ్చింది. బోర్డు మీద మొదట విల్లివాక్కం అని ఉంది, రెండోసారి చూస్తే గూడూరు అని ఉంది.

మెలకువ వచ్చింది గాని కదల్లేకపోయాను, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంది. ఈ సాధన వల్లనేనా?

దీనిని స్లీప్ పెరాలిసిస్ అంటారు. దయ్యం పట్టిందని మన ఊళ్లలో భయపడేది దీనికే. రెమ్ నిద్రలో మనం కలను అభినయించకుండా శరీరం కండరాలను వదులు చేసి ఉంచుతుంది. ఆ పట్టు వదలకముందే మెలకువ వస్తే ఇలా జరుగుతుంది. సాధన చేయనివారికీ వస్తుంది. నిద్ర చాలనప్పుడు, వేళలు మారినప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. సెకన్లలోనో ఒకటి రెండు నిమిషాల్లోనో దానంతటదే పోతుంది. ఊపిరి మీద దృష్టి పెట్టి, కాలి బొటనవేలు కదపడానికి ప్రయత్నించండి. తరచుగా వస్తుంటే వైద్యులకు చూపించండి.

ఇది ఎవరు మొదలుపెట్టకూడదు?

నిద్రలేమితో బాధపడుతున్నవారు, సైకోసిస్ లేదా బైపోలార్ సమస్యకు చికిత్స పొందుతున్నవారు తమ వైద్యులను అడగకుండా మొదలుపెట్టకూడదు. ఏది కలలో జరిగింది, ఏది నిజంగా జరిగింది అన్న తేడా పగలు చెదురుతున్నట్టు అనిపిస్తే ఎవరైనా సరే వెంటనే ఆపాలి. రాత్రికి నాలుగైదు కలలు రాస్తూ పగలు బండి నడుపుతూ కునుకు తీసేవారు కూడా ఈ కోవలోకే వస్తారు. వారు రెండు వారాలు నోటుబుక్కును బీరువాలో పెట్టి, కంటినిండా నిద్రపోవాలి.